కాళ్ల సూప్‌లో ఉప్పు ఎక్కువైందా? ఉర్లగడ్డ వేస్తే తగ్గదు.. ఇలా చేయండి!

కర్నూలు, కడప వైపు పొట్టేలు కాళ్ల సూప్, వేడి వేడి రాగి సంగటి కాంబినేషన్ గురించి చెప్పక్కర్లేదు. అయితే గంటల తరబడి మరిగించాక ఉప్పు ఎక్కువైందా? పారబోయకండి.

ఎందుకిలా అవుతుంది?
మరిగేటప్పుడు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అలాగే ఉంటుంది. అందుకే మొదట్లో సరిపోయిన ఉప్పే సూప్ చిక్కబడ్డాక ఎక్కువవుతుంది. ఈసారి ఉప్పు చివర్లో వేసి చూడండి.

ఉర్లగడ్డ పీల్చేస్తుందా?
చాలామంది నమ్మకం ఇదే. కానీ అది ఉప్పును మాత్రమే పీల్చదు, ఉప్పు నీళ్లను పీలుస్తుంది. మిగిలిన సూప్ దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది.

మరేం చేయాలి?
* వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ రుచి చూడండి. లీటరు సూప్‌కి పావు లీటరు నీళ్లు కలిపితే ఉప్పదనం ఐదో వంతు తగ్గుతుంది.
* పలచబడితే ఉప్పు వేయకుండా ఉడికించి మెదిపిన పెసరపప్పు కలపండి. మిరియాలు, ధనియాల పొడి వేసి ఒక పొంగు రానివ్వండి.
* సంగటిని ఉప్పు లేకుండా కెలికితే రెండూ కలిపి తిన్నప్పుడు సరిపోతుంది.

బీపీ ఉన్నవాళ్లూ.. జాగ్రత్త!
నిమ్మరసం పిండితే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుందంతే, నిజంగా తగ్గదు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే టీస్పూన్‌కి మించకుండా ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో బీపీ పేషెంట్లు ఉంటే నిమ్మకాయ కంటే ముందు నీళ్లు కలపండి.