సోయా వేళ్లలో సాగు

సేద్యం మనిషొక్కడే చేస్తాడని ఎవరన్నారు బిడ్డా? మన ఖానాపూర్ నుంచి నిర్మల్ దాటి భైంసా, ముథోల్ దిక్కు పో. వానకాలంలో ఎటు చూసినా సోయా చేన్లే. పూతకొచ్చిన మొక్కనొకదాన్ని మెల్లగా తవ్వి తియ్యి. గుంజితే అసలు సరుకు తెగి మట్టిలోనే ఉండిపోతుంది. వేళ్లను బకెట్ నీళ్లలో ఆడిస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చు. లోపల ఎర్రగా ఉంటే అది పనిలో ఉన్నట్టు.

ఆ బుడిపె సోయా వేసుకున్న పొలం. అందులో పెరిగేది రైజోబియం తరహా బాక్టీరియా. వేరు కొన్ని రసాయనాలు వదిలి వాటిని పిలుస్తుంది. అవి బదులిస్తే వేరు నూగు వంకర తిరిగి వాటిని లోపలికి తీసుకుంటుంది. ఆకులు వండిన చక్కెరలో వాటికి వాటా పెడుతుంది. అవి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తాయి. గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తినలేదు మరి. ఇదే పనికి ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. ఇక్కడ మట్టి వేడే చాలు. చిక్కల్లా ఆక్సిజన్‌తోనే. అది ఎక్కువైతే నత్రజనిని మార్చే ఎంజైమ్ చెడిపోతుంది. అందుకని మొక్క, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్‌ను తయారుచేసి ఆక్సిజన్‌ను కొలిచి వదులుతుంది. నువ్వు చూసిన ఎరుపు దానిదే. 1888లో హాలండ్ శాస్త్రవేత్త బైయెరింక్ ఈ బాక్టీరియాను బుడిపెల్లోంచి తీసి విడిగా పెంచాడు. ఇప్పుడు విత్తనాలకు పట్టించడానికి మనం కొనే బాక్టీరియా కల్చర్ ప్యాకెట్‌కు మూలం అక్కడుంది.

2018లో సాగునీటి వారసత్వ కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు పొందిన మన సదర్మాట్ ఆనకట్ట కింద వరికి ఈ బుడిపెల భాగ్యం లేదు. నీళ్లు గోదావరి ఇస్తుంది, నత్రజని మనం పెట్టాలి. అందుకే కొందరు నాట్లకు ముందు జీలుగ చల్లి కలియదున్నుతారు. దాని వేళ్లకూ బుడిపెలే.

ఇక సభల్లో కవికి శాలువా కప్పి అక్షర సేద్యం అంటారు చూడు, ఆ సాగు పిల్లల దగ్గరే మొదలవుతుంది. పిల్లల్లో చదువు మీద ఇష్టం పెంచాలని అందరూ అంటారు. పెంచడమంటే తెచ్చి కుమ్మరించడమనుకుంటారు. సోయాకు యూరియా దండిగా చల్లి చూడు, బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఊరికే నత్రజని దొరుకుతుంటే చక్కెర పెట్టి ఎవరినైనా ఎందుకు మేపుతుంది? జవాబులన్నీ గైడులో అందించి, మావాడు ప్రశ్నలే అడగడని వాపోయేవాళ్లను చూస్తే నాకు ఆ చేనే యాదికొస్తుంది. అట్లని చేతులు కట్టుకొని కూర్చోమనడం లేదు. సోయా బయటి నుంచి వచ్చిన పంట. దానికి సరిపడే బాక్టీరియా ప్రతి చేనులో చాలినంత ఉండదు, తెచ్చి ఇవ్వాల్సిందే.

చల్లారిన గంజిలోనో బెల్లం పాకంలోనో కల్చర్ కలిపి విత్తనాలకు పట్టించాలి. నీడలోనే ఆరబెట్టాలి, ఎండ తగిలితే బాక్టీరియా చస్తుంది. తెగులు మందు పట్టించేదుంటే ముందే కానిచ్చి, కల్చర్ చివర. అదే రోజు విత్తెయ్యి. ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీ చూడు. దుకాణం ముందు ఎండలో పెట్టి అమ్మేది మాత్రం చవకగా ఇచ్చినా తేకు.