చదువు ఒకటి, చేసే పని మరొకటి

తెలుగు మళ్లీ నేర్చుకుంటున్న మన పిల్లలు తరచుగా తికమకపడే మూడు మాటలు కూలి, పని, ఉద్యోగం. దినానికి ఇంత అని పుచ్చుకునేది కూలి. ఏ శ్రమ అయినా పనే. నెలజీతము, హోదా కలిగిన కొలువును మాత్రమే ఉద్యోగం అంటాము. మన ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మలయా తోటలకు వచ్చినది కూలికి. వారి మునిమనుమలు పట్టాలు పుచ్చుకున్నది ఉద్యోగానికి. అయితే పట్టా చేతికి వచ్చిన తరువాత కూడా పనే తప్ప ఉద్యోగం దొరకనివారు నేడు మనలో అనేకులు ఉన్నారు. ఆలయ సమితికి వచ్చే పెండ్లి వివరాల కాగితాలు చూస్తేనే ఈ సంగతి తెలుస్తుంది. చదువు గడిలో డిగ్రీ ఉంటుంది, ఉద్యోగం గడిలో అంగడి పనో, మోటారుసైకిలుపై భోజనపు పొట్లాలు చేరవేసే పనో ఉంటుంది.

మలేసియా గణాంక శాఖ దీనికి ఒక లెక్క కడుతున్నది. వృత్తులన్నిటినీ మూడు అంతస్తులుగా విభజిస్తారు. మేనేజర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, టెక్నీషియన్లు పై అంతస్తువారు. గుమాస్తాలు, అమ్మకందార్లు, డ్రైవర్లు, యంత్రాలు నడిపేవారు మధ్యవారు. ఊడ్చేవారు, మూటలు మోసేవారు క్రిందివారు. డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండి మధ్య, క్రింది అంతస్తులలో పనిచేసేవారు 2023లో సుమారు 19 లక్షల మంది. అనగా పై చదువు చదివి పనిలో ఉన్నవారిలో మూడింట ఒక వంతుకు మించి.

కారణం పిల్లల సోమరితనం కాదు. 1996 నాటి చట్టంతో ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. 1997లో పీటీపీటీఎన్ విద్యారుణం వచ్చింది. పట్టభద్రులు ఏటేటా ఎక్కువయ్యారు. వారికి తగిన ఉద్యోగాలు మాత్రం అంత వేగంగా పెరగలేదు. ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ దేశాల నుండి తక్కువ జీతానికి మనుషులు దొరుకుతున్నంత కాలం, టెక్నీషియన్లు అవసరమయ్యే కొత్త యంత్రాలు కొనాలనే తొందర చాలామంది యజమానులకు లేకపోయింది. అప్పు తీర్చవలసిన యువకుడు తగిన కొలువు కోసం ఎన్నాళ్లు ఎదురుచూడగలడు? ముందు దొరికిన పనిలో చేరతాడు, అందులోనే ఏండ్లు గడుస్తాయి.

దీనిని చూచి కొన్ని ఇండ్లలో పెద్దలు “చదివించి ఏమి లాభం?” అంటున్నారు. పెద్దవాడి పట్టా పనికిరాలేదని చిన్నపిల్లను, అందునా ఆడపిల్లను, ఐదవ ఫారంతోనే ఆపాలని చూస్తున్నారు. ఇది తప్పు తీర్మానం. చదువు లేనివాడికి క్రింది అంతస్తు నుండి పైకి రావడానికి మెట్టే ఉండదు. ఈ సంగతి మన తోటల చరిత్రకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

పై లెక్కలోకి రానివారు కూడా ఉన్నారు. పని బాగా తెలిసీ కాగితం లేనివారు వారు. మన తాతలు అటువంటివారే. రబ్బరు చెట్టుకు గాటు పెట్టడం చూచినంత సులభం కాదు. తెల్లవారకముందే, చల్లదనం ఉండగానే మొదలుపెట్టాలి. ఎడమ నుండి కుడికి దిగువగా వాలుతూ పలుచని బెరడు పొర తీయాలి. కత్తి లోతుగా దిగితే చెట్టుకు పుండు పడి, మళ్లీ పెరిగే బెరడు గడ్డలు కడుతుంది. పైపైన గీస్తే పాలు సరిగా కారవు. ఇంత నేర్పు ఉన్నా తోట పుస్తకంలో వారి పేరు కూలి అనే ఉండేది.

1923 నాటి కార్మిక చట్టం ప్రకారం, ఏడు నుండి పద్నాలుగేళ్ల వయసు పిల్లలు పదిమంది ఉన్న తోటలో యజమాని బడి పెట్టవలసి ఉండెను. బడులు పెట్టారు గానీ అవి ప్రాథమిక తరగతులతో ముగిసేవి. తోట కార్యాలయంలో ‘కిరాణి’ అనిపించుకునే గుమాస్తా కొలువుకు ఇంగ్లీషు కావాలి. అది పట్నపు బడులలోనే దొరికేది. అందువలన ఆ కుర్చీలలో ఎక్కువగా ఇంగ్లీషు చదివిన మలయాళీలు, యాళ్ప్పాణం తమిళులు కూర్చున్నారు. మనవారికి తెలివి తక్కువై కాదు. మా తరంలో కూడా అధికులం ఐదవ ఫారంతో ఆగినవారమే. తోటబడి నుండి పట్నానికి వెళ్లి, మలయు భాష కోసం రిమూవ్ క్లాసులో ఒక ఏడాది కూర్చొని, అక్కడికి చేరడమే గొప్పగా ఉండేది.

కాగితం లేని నేర్పరులు నేటికీ ఉన్నారు. ఇరవై ఏండ్లుగా వెల్డింగు, విద్యుత్తు, మోటారు పనులు చేస్తూ సహాయకుని జీతమే తీసుకునేవారిని మనము ఎరుగుదుము. వారికి ఒక దారి కలదు. 2006 నాటి నైపుణ్యాభివృద్ధి చట్టం క్రింద మలేసియా నైపుణ్య పత్రం, అనగా ఎస్‌కేఎం, ఇస్తారు. దాని ‘పీపీటీ’ పద్ధతిలో తరగతికి హాజరు కానవసరం లేదు. చేసిన పనికి రుజువులు కూర్చి చూపితే పరీక్షకులు వచ్చి నిర్ణయిస్తారు. యజమాని ఇచ్చిన ఉత్తరాలు, జీతపు చీట్లు, పని చేస్తుండగా తీసిన ఫోటోలు, హాజరైన చిన్నచిన్న శిక్షణల పత్రాలు పారవేయక ఒక ఫైలులో దాచండి. దరఖాస్తు మలయు భాషలో నింపడానికి జంకేవారు ఆలయ కార్యాలయానికి ఆ ఫైలుతో రండి. మన యువతీయువకులు ప్రక్కన కూర్చొని నింపిస్తారు.