ఈ గుర్రం ఎక్కడి నుండి వచ్చింది?

మా ఊరు గోస్పాడు. మేము అన్నదమ్ములం ముగ్గురం, మాకొక చెల్లెలు. మా నాయనకు సెంటు పొలం లేదు గాని ఒక జట్కా బండి, ఒక గుర్రం ఉండేవి. ఊరి నుండి నంద్యాలకు మనుషులను చేర్చడం, సంతరోజున మూటలు వేసికొని రావడం, ఇదే మా ఇంటి జీవనాధారం. ఈనాటి పిల్లలకు జట్కా అంటే ఏమిటో బొమ్మ గీసి చూపించవలసినదే. ఆ రోజులలో గుంటూరు, గుంతకల్లు మధ్య నడిచే మీటరు గేజి రైలు వచ్చే వేళకు నంద్యాల స్టేషను బయట జట్కాలు వరుసగా నిలబడి ఉండేవి. సెలవులలో నాయన వెంట పోయి ఆ వరుసలోని గుర్రాలన్నిటి గుణాలు మేము కంఠతా పట్టాము. ఒకటి కరుస్తుంది. ఒకటి తంతుంది. ఒకటి బరువు ఎక్కువైతే నడిరోడ్డు మీద కూలబడుతుంది. ఒక ముసలి గుర్రం మాత్రం పిల్లలు కాళ్ళ సందున దూరినా కదలదు. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన బుద్ధులే అనుకొన్నాము. అవి ఎక్కడి నుండి వచ్చినవో, ఇక్కడికి రాకముందు ఏమి పడినవో మేమెన్నడూ అడగలేదు.

మా గుర్రం పేరు చుక్కి. నుదుట రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉండేది గనుక ఆ పేరు. బళ్ళారి వైపు నుండి గుర్రాలు తోలుకొని వచ్చిన ఒక వ్యాపారి దగ్గర నాయన దానిని కొన్నాడు. కొనేటప్పుడు పళ్ళు చూశాడు, గిట్టలు తట్టాడు, ఒంటి మీది సుళ్ళు లెక్కపెట్టాడు. సుడి మంచిదైతే గుర్రం మంచిదని పెద్దల నమ్మకం. ఆ నమ్మకం చాలా పాతది. గుర్రాల లక్షణాల మీద మనుమంచిభట్టు అనే కవి తెలుగులో హయలక్షణవిలాసము అని ఒక పద్యకావ్యమే వ్రాశాడు. గుర్రం అనగానే మన సీమకు అది దూరదేశపు సరుకే. విజయనగర రాజులు అరేబియా గుర్రాలను ఓడల మీద తెప్పించుకొనేవారు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి కూడా, దాని తోక తెచ్చి చూపిస్తే, సాళువ నరసింహరాయలు ధర చెల్లించేవాడని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి వ్రాసిపెట్టాడు. కృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా అతడే వ్రాశాడు. తోక చూసి డబ్బులిచ్చే బేరంలో గుర్రం మనసు ఎవరికి కావాలి!

చుక్కి మూడేండ్లు మా ఇంటిని పోషించింది. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు వేసే తట్ట చప్పుడు వింటే వీధి చివరి నుండే సకిలించేది. నాలుగవ ఏడు దాని ఎడమ కన్ను అప్పుడప్పుడు ఎర్రబడి నీరు కారడం మొదలైంది. దుమ్ము పడిందని అమ్మ ఉప్పునీళ్ళతో కడిగేది. నాలుగు రోజులకు తగ్గేది, మరల వచ్చేది. పగలంతా కళ్ళకు గంతలు, ఇంటికి వచ్చేసరికి చీకటి. ఇక ఎవరు పట్టి చూస్తారు?

ఆ తరువాత దాని నడత మారిపోయింది. వంక మీది కల్వర్టు దగ్గరకు రాగానే ఆగిపోయేది. తల ఎడమకు తిప్పి అడ్డంగా నడిచేది. మా చెల్లెలు దగ్గరకు పోతే ఉలిక్కిపడి కరవబోయేది. "తిండి ఎక్కువై పొగరెక్కింది" అన్నారు ఊళ్ళోవాళ్ళు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందప్పా" అని నాయనకు సామెత చెప్పారు. అంతవరకు చెర్నాకోలను గాలిలో తప్ప ఆడించని మనిషి దానిని కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినకొద్దీ అది మరింత బెదిరింది. బెదిరినకొద్దీ మరింత కొట్టాడు.

ఒక డిసెంబరు నెలలో, క్రిస్మసు బట్టలు తీసికొని నంద్యాల నుండి తిరిగి వస్తున్నాము. ఎడమ గట్టు మీది నుండి ఒక ఎనుము దబదబ దిగింది. చుక్కి ఒక్క ఎగురు ఎగిరి కుడి పక్క గుంతలోకి దూకింది. బండి తిరగబడింది. అమ్మ కుడి చేయి విరిగింది. ఆ చేయి మరల సరిగా చాచడానికి రాలేదు. వారం తిరగక ముందే నాయన చుక్కిని వచ్చిన ధరకు ఒక ఇటుకబట్టీవానికి అమ్మివేశాడు. మేమందరం సంతోషించాము. ఆ మాట దాచిపెట్టడం దేనికి?

ఇదంతా ఇప్పుడు వ్రాయడానికి ఒక కారణమున్నది. మాలో నడిపివాడు హైదరాబాదులో స్థిరపడ్డాడు. అతని మనుమరాలు నగరం వెలుపల ఒక స్వారీ బడిలో గుర్రపుస్వారీ నేర్చుకొంటున్నది. క్రిందటి ఏడు మేము ముగ్గురం కలిసినప్పుడు ఆ పిల్ల పట్టుపట్టి మమ్ములను అక్కడికి తీసికొనిపోయింది. జట్కావాని బిడ్డలం గదా, మాకు తెలియని గుర్రమా అనుకొంటూ పోయాము.

అక్కడ గుర్రాలను చూసుకొనే పెద్దాయన చిన్నప్పటి నుండి మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలను మాలీసు చేసినవాడు. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలిలో మొదలై 1886లో మలక్‌పేటకు మారినవి. అంత పాత చరిత్ర ఉన్న చోట పనిచేసినందుకేమో, ఆయన ఏ గుర్రాన్ని చూపినా ముందు దాని చరిత్రే చెప్పేవాడు. "గుణం తర్వాత సార్, ముందు ఎక్కడికెళ్ళి వచ్చిందో అడుగుండ్రి" అన్నాడు.

మొదట చూపించినది షెహజాదీ అనే ఎర్రని ఆడగుర్రం, పందెపు జాతిది. పందెపు గుర్రం రెండేండ్ల వయసుకే పరుగులోకి దిగుతుంది. చాలావాటికి ఆరేడేండ్లకు ఆ బ్రతుకు ముగుస్తుంది. గుర్రం ఆయుష్షు 25 ఏండ్లు, ఒక్కొక్కటి 30 కూడా బ్రతుకుతుంది. మిగిలిన కాలమంతా ఎక్కడ గడపాలి? అదృష్టముంటే పోలీసు అశ్వదళానికో, స్వారీ బడికో పోతుంది. లేకుంటే పెళ్ళి ఊరేగింపులకు పోతుంది. అంతకంటె హీనమైన చోట్లకు కూడా పోతుంది. ఇటువంటి గుర్రానికి కొత్త రౌతు దొరికితే తంటాయే. భయపడినవాడు ఏమి చేస్తాడు? కళ్ళెం గట్టిగా లాగుతాడు. పందెంలో కళ్ళెం బిగిస్తే దానికి ఆనుకొని మరింత ఉరకడమే అది నేర్చుకొన్న చదువు. ఆగమని మనం లాగుతాము, పొమ్మన్నారని అది పోతుంది. ఎక్కేటప్పుడు నిలబడదు, ఎందుకంటే జాకీని అది నడుస్తుండగానే ఎవరో కాలు పట్టి ఎక్కిస్తారు. కాళ్ళతో దాని డొక్కలు అదిమితే ఉలిక్కిపడుతుంది, ఎందుకంటే జాకీలు రికాబులు పొట్టిగా కట్టుకొని పైన ముడుచుకొని కూర్చుంటారు. మేమైతే ఈ మూడూ చూసి "పిచ్చి గుర్రం" అని తీర్పు చెప్పి ఉండేవాళ్ళం. ఆ పెద్దాయన ఆరు నెలలు దానిని పరుగెత్తనివ్వక, నడక మాత్రమే నేర్పించాడట.

మోతీ మార్వాడీ గుర్రం. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నట్లుంటాయి. బారాతులలో పెళ్ళికొడుకులను మోసిన గుర్రమిది. టపాకాయ పేలినా చెవి కదపదు. కాని దూరాన ఎక్కడైనా బ్యాండు వినిపించిందా, ముందు కాళ్ళెత్తి చిందులు మొదలుపెడుతుంది. పక్క కాలనీలో పెళ్ళి ఉన్నరోజున పిల్లలను దాని మీద ఎక్కించరు. మా నడిపివాడు పకపక నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "ఆట నేర్పేటప్పుడు ఎట్ల కొట్టిన్రో దానికే ఎరుక సార్" అన్నాడు.

రాజు అనే తట్టు మా కులస్థుడే, పాత జట్కా గుర్రం. నోటిమాటకు ఎంత బాగా లోబడుతుందో! అయితే వీపు మీద బరువు ఎరుగదు. గంతలు తీసిన కొత్తలో, వెనుక వచ్చేవన్నీ కనబడి హడలిపోయేదట. గుర్రం కళ్ళు తలకు రెండు ప్రక్కల ఉంటాయి. మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. నుదుటికి ఎదురుగా కొద్దిమేర, తోక వెనుక కొద్దిమేర మాత్రమే దానికి గుడ్డి. అంత చూపు గల జంతువుకు ఏండ్ల తరబడి ముందున్న రోడ్డు తప్ప మనం ఏమీ చూపించలేదు.

అన్నిటికంటె ప్రమాదమైనది గుడ్డూ అట. అది విని ఆశ్చర్యపోయాము. అది అక్కడే పుట్టింది, ఒక్క దెబ్బ కూడా ఎరుగదు. తల్లి చనిపోతే సీసాపాలతో పెంచారు, అందరూ ముద్దు చేశారు. మనుషులంటే భయం లేదు సరే, మర్యాద కూడా లేదు. జేబులో బెల్లముందని మనిషిని గోడకు అదిమి వెతుకుతుంది. పసిగుర్రం చేసినప్పుడు ఇది ముద్దుగానే ఉంటుంది, పెరిగి ఏడెనిమిది మణుగులు కాదు, ముప్పై మణుగులు తూగినప్పుడు ఎముకలు విరుగుతాయి. బిడ్డలను పెంచిన పాఠకులకు మేము వేరుగా చెప్పనవసరం లేదు.

అక్కడ నేర్చుకొనే పెద్దవాళ్ళలో పోలీసు ఉద్యోగానికి తయారయ్యే కుర్రవాడొకడున్నాడు. ఐ.పి.ఎస్. అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ పోలీసు అకాడమీ 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో హైదరాబాదుకు మారింది. అక్కడ స్వారీ కూడా ఒక పాఠమే. ఈ కుర్రవాడు ఆ రోజు ఇంట్లో ఏదో తగవు పడి వచ్చాడట. గుర్రం వానిని దగ్గరకు రానివ్వలేదు. "మొగం చూసి కనిపెట్టింది" అన్నాడు పెద్దాయన.

ఇది వట్టి మాట కాదు. బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తుందని, జవాబును గిట్టతో తట్టి చెబుతుందని లోకమంతా విడ్డూరపడింది. ప్ఫుంగ్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1907లో సంగతి బయటపెట్టాడు. హాన్స్‌కు లెక్కలు రావు. సరియైన అంకె రాగానే అడిగినవాని తల వెంట్రుకవాసి కదిలేది. ఆ కదలిక అతనికే తెలియదు. గుర్రం దానిని చూసి తట్టడం ఆపేది. 2016లో ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంవారు 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపపు ముఖం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకొన్నది, ఆ ముఖాన్ని ఎడమ కంటితో చూడడానికి అవి తల త్రిప్పుకొన్నవి. చెర్నాకోల ఎత్తక ముందే మా నాయన ముఖం చుక్కి ఎన్నిసార్లు చదివి ఉంటుందో!

చివరి కొట్టంలో నవాబు అనే బూడిదరంగు గుర్రం ఉన్నది. మేము చనువుగా ఎడమ పక్క నుండి పోబోతే పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి సార్. ముందు పిలువుండ్రి. ఆ కన్ను పోయింది." కన్ను మాటిమాటికి ఎర్రబడడం, నీరు కారడం, తగ్గినట్లే తగ్గి మరల రావడం, చివరకు కనుగుడ్డు తెల్లబడి చూపు పోవడం, ఇది గుర్రాలలో పాత జబ్బేనట. ఒక్కసారిగా చూపు పోదు గనుక యజమానికి తెలియదట. గుర్రం మాత్రం నీడలను చూసి ఆగుతుంది, ఉన్న కంటితో చూడడానికి తల ఎడమకు తిప్పి అడ్డంగా నడుస్తుంది, గుడ్డి వైపు చప్పుడైతే ఎగిరిపడుతుంది. "పాత మాలిక్ దీన్ని మొండిది అని అమ్మిండు" అన్నాడాయన.

మాలో ఎవరమూ మాట్లాడలేదు. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్లు అనే సామెత మా ఇంట్లో రోజుకు పదిసార్లు వాడినవాళ్ళమే. మనుమరాలు మాత్రం "నవాబూ, నవాబూ" అని పిలుచుకొంటూ, దాని మెడ మీద చేయి ఆన్చి, ఆ చేయి తీయకుండానే చుట్టు తిరిగి గుడ్డి వైపుకు వచ్చి జీను పట్టీ బిగించింది. అది చెవి ఆమె వైపు తిప్పి నిలబడింది.

ఆ రాత్రి మా చెల్లెలికి ఫోను చేసి సంగతి చెప్పాము. చాలాసేపు పలకలేదు. తరువాత, "కరవబోయేది ఎప్పుడూ ఎడమ పక్క పోతేనే గదన్నా. కుడి పక్క పోతే నా అరచేతిలోని బెల్లం పెదిమలతోనే తీసుకొనేది" అన్నది.