ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వాన

వేసవి దినములలో వార్తల చివర వాతావరణ విశేషములు చెప్పునపుడు ఒక వాక్యము మాటిమాటికి వినబడుచుండును. 'కోస్తా ఆంధ్రలోను, తెలంగాణములోను ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన జల్లులు పడవచ్చును' అనునదే ఆ వాక్యము. దీనిని విని చిరునవ్వు నవ్వని శ్రోత అరుదు. ఆ ఒకటి రెండు చోట్లు ఏవియో చెప్పినగదా ప్రయోజనమని కొందరందురు. ఎచట పడినను తమ మాటయే నెగ్గునట్లు చెప్పినారని మరికొందరందురు. మాకు మాత్రము ఈ వాక్యము నవ్వదగినదిగా తోచదు. అందులోని మాటలకు లెక్క కలదు. ఆ లెక్క తెలిసినవానికి కల్లములోని ధాన్యమును ఎప్పుడు కప్పవలెనో, పశువులను ఎప్పుడు ఇంటికి తోలవలెనో కొంత బోధపడును.

ఒక ప్రాంతమందలి వర్షమాపక కేంద్రములలో నాల్గవ వంతునకు మించనివాటిలో వాన పడునని తోచినపుడు 'ఒకటి రెండు చోట్ల' అందురు. అంతకు పైబడినకొలది 'కొన్ని చోట్ల', 'చాల చోట్ల' అని మాట మారుచుండును. 'భారీ' అను మాటయు నోటికి వచ్చినట్లు వాడునది కాదు. ఉదయము 8.30 గంటలనుండి మరునాటి ఉదయము 8.30 గంటలవరకు కురిసిన వాన 64.5 మిల్లీమీటర్లకు చేరిననే అది భారీ వర్షము. 115.6 మిల్లీమీటర్లు మొదలుకొని అతి భారీ, 204.5 మొదలుకొని అత్యంత భారీ. మన వీధిలో మోకాలిలోతు నీరు నిలిచినదని భారీ వర్షమని మనమనుకొనవచ్చును గాని, అది మురుగుకాలువ పూడినందువలననైనను కావచ్చును!

ఇక వేసవివాన చోటు ఏల చెప్పలేరు? దీనికి మేఘము పుట్టుకనే చూడవలెను. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ ఎండకు నేల కాగి, నేలనంటియున్న గాలియు వేడెక్కి పైకి లేచును. ఒక్క వేడి చాలదు. వేడి మాత్రమే యున్నచో వడగాలి వీచును గాని వాన రాదు. బంగాళాఖాతమునుండి తేమగాలి లోనికి రావలెను. ఆ తేమగాలియు, వాయవ్యమునుండి వచ్చు పొడిగాలియు ఎదురుపడు చోట గాలి పైకి త్రోయబడును. విదర్భ, ఛత్తీస్‌గఢ్ వైపునుండి తెలంగాణము, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు అల్పపీడనపు చాలు వంటిదొకటి వేసవిలో తరచుగా ఏర్పడుచుండును. 'ద్రోణి' యని వార్తలలో వినబడునది ఇదియే. ఆ చాలునకు ఇరుప్రక్కలనే మన వేసవివానలలో పెక్కు పుట్టుచుండును.

పైకి లేచిన గాలి చల్లబడి అందలి ఆవిరి నీటిబిందువులగునపుడు, నీటిని ఆవిరిగా మార్చుటకు పట్టిన వేడి తిరిగి బయటపడును. శాస్త్రజ్ఞులు దీనిని గుప్తోష్ణమందురు. మేఘమునకు ఈ వేడియే ఇంధనము. మధ్యాహ్నము రెండు గంటలకు దూదిపింజవలె కనిపించిన తునక నాలుగు గంటలకు పండ్రెండు, పదునైదు కిలోమీటర్ల ఎత్తు పెరిగి, తల దాగలివలె చదునై నిలుచుట చూడవచ్చును. దీనినే క్యుములోనింబస్ మేఘమందురు. మన వేసవిలో సుమారు అయిదు కిలోమీటర్లపైన గాలి మంచుకట్టు చలిలో నుండును. కనుక క్రింద నలుబది డిగ్రీల ఎండ కాయుచుండగా ఆ మేఘము నడినెత్తిన మంచుపలుకులు తయారగుచుండును. పైకెగయు గాలి వాటిని క్రింద పడనీయక మరల మరల పైకి ఎగురవేసినచో పొరమీద పొర పెరిగి వడగండ్లగును.

ఇట్టి మేఘమొక్కటి మొత్తముమీద పది, పదునైదు కిలోమీటర్ల వెడల్పు ఉండవచ్చును. దాని ఆయుర్దాయము గంటకు అటునిటు. వాన మొదలైన వెంటనే ఆ వానతోపాటు చల్లనిగాలి క్రిందికి దిగి, మేఘమునకు ఇంధనమందించు వేడిగాలిని త్రెంచివేయును. అనగా తన వానయే తన్ను చంపును. చనిపోవుచు విడిచిన ఆ చల్లగాలి నేలమీద నలుదిక్కులకు ప్రాకి, ప్రక్కనున్న వేడిగాలిని ఎగద్రోసి మరియొక మేఘమును పుట్టించుటయు కలదు. ఒక ఊరిలో కుండపోత, కోసుదూరములోని పొరుగూరిలో దుమ్ము రేగుట ఇందుచేతనే. గంట బ్రదుకు గల దానిని ముందురోజున ఏ ఊరిపై పుట్టునో చెప్పుమనుట, కాగుచున్న ఎసటిలో తొలి బుడగ ఎచట లేచునో చెప్పుమనుట వంటిది. ఎసరు కాగినదని మాత్రము చెప్పవచ్చును.

వానకు పది నిమిషములు ముందుగా వచ్చు ఆ చల్లగాలిని తక్కువగా చూడరాదు. గంటకు అరువది కిలోమీటర్ల వేగము దానికి సామాన్యము. ఒక్కొక్కప్పుడు ఎనుబది కూడ దాటును. ఎండకు వేసారియున్న మనకది హాయిగానే యుండును. కాని నూజివీడు తోటలలో కోతకు వచ్చిన మామిడి రాలునది ఆ గాలికే. గుంటూరు ప్రాంతమున కల్లములలో ఎండబోసిన మిరపకాయ తడియునది, గోదావరి డెల్టాలో దాళ్వా వరి పనలమీద నీరు నిలుచునది, తెలంగాణమున యాసంగి ధాన్యము కొనుగోలు కేంద్రముల ముంగిట రాసులుగా నానునది ఆ వెనుక వచ్చు అరగంట వానకే. ఆరునెలల కష్టము అరగంటలో పోవు కాలమిది. బరకము దగ్గరనున్నచో పది నిమిషముల వ్యవధి చాలును. ఊరిలోనున్న బరకమును తెచ్చుటకు చాలదు. ఎగువగాలులు పడమటినుండి వీచుటచే కోస్తా జిల్లాలలో ఈ మేఘము సాధారణముగా పడమటినుండియో, వాయవ్యమునుండియో వచ్చును. సాయంకాలము ఆ దిక్కున నల్లబడుటయే మొదటి హెచ్చరిక.

రెండవ హెచ్చరిక ఉరుము. మేఘములో మంచుపలుకులు, మెత్తని మంచుపూసలు ఒరసికొనుటవలన పైభాగమున ధనవిద్యుత్తు, క్రింది భాగమున ఋణవిద్యుత్తు చేరును. ఆ రెంటినడుమనో, మేఘమునకు నేలకు నడుమనో అది దూకినపుడు ఆ సన్నని బాటలో గాలి రమారమి 30,000 డిగ్రీల వేడికి చేరి ప్రేలును. వెలుగు తత్క్షణమే కనబడును. ధ్వని కిలోమీటరునకు మూడు సెకండ్ల చొప్పున వచ్చును. మెరుపునకు ఉరుమునకు నడుమ తొమ్మిది లెక్కించినచో పిడుగు మూడు కిలోమీటర్ల దూరమున పడినదన్నమాట. ఆ లెక్క సరియైనదే గాని, దూరముగదా అని నిశ్చింతగా కూర్చుండుటకు పనికిరాదు. వాన పడుచున్న చోటినుండి పది కిలోమీటర్ల అవతల సైతము పిడుగు పడుటకలదు. ఉరుము చెవిని పడినదన్న, పిడుగు పడదగినంత దూరములోనే మనమున్నామన్నమాట. కడపటి ఉరుము విన్నపిదప అరగంట గడచువరకు బయటికి రాకుండుట మేలు.

రేడియో గల ఇంటివారికి ఇంతకంటె ముందుగా తెలుపు సాధనమొకటి ఉన్నది. మీడియం వేవులో స్టేషను లేని చోట ముల్లు నిలిపి వినుడు. దూరమున మెరుపు మెరసినపుడెల్ల పెటపెటమని ధ్వని వచ్చును. మెరుపు తానే యొక ప్రసార కేంద్రమువలె రేడియో తరంగములను విడుచుటచే ఇట్లగును. రష్యా శాస్త్రజ్ఞుడు పొపోవ్ 1895లో ప్రదర్శించిన యంత్రము దూరపు మెరుపులను పట్టుకొనుటకే ఉపయోగపడినది. పెటపెటలు దగ్గరదగ్గరగా, గట్టిగా వినవచ్చినకొలది మేఘము సమీపించుచున్నదని ఊహింపవచ్చును. ఎఫ్.ఎం.లో ఈ ఉపాయము సాగదు. ఇంటిపై ఏరియలు తీగ కట్టుకొన్నవారు మాత్రము తొలి ఉరుమునకు ముందే దానిని సెట్టునుండి విడదీయవలెను. ఉరుము విన్న తరువాత ఆ తీగను చేతితో ముట్టరాదు. గోడ ప్లగ్గునుండి నడుచు సెట్టును కట్టివేసిన చాలదు, ప్లగ్గు ఊడదీయవలెను. బ్యాటరీతో నడుచు ట్రాన్సిస్టరును నిర్భయముగా వినవచ్చును. చేతిలోని మొబైలు ఫోను పిడుగును పిలుచునని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. ఛార్జింగు తీగకు తగిలించి మాట్లాడుటయే ప్రమాదము.

పిడుగుపాటువలన మన దేశమున ఏటేట రెండువేలమందికి పైగా మరణించుచున్నారు. 2018 ఏప్రిల్ 24వ తేదీని ఒక్క ఆంధ్రప్రదేశముననే పదమూడు గంటలలో 36,749 పిడుగులు నమోదైనవని రాష్ట్ర విపత్తు నిర్వహణాధికారులు ప్రకటించిరి. చనిపోవువారిలో ఎక్కువమంది పొలములలో నున్న కూలీలు, గొఱ్ఱెల కాపరులు, చేపలవారు. తడిసిపోదుమని చెట్టుక్రిందికి చేరుటయే వారిలో పెక్కుమంది ప్రాణము తీయుచున్నది. చెట్టుమీద పడిన విద్యుత్తు వేళ్లవెంట నేలలో వ్యాపించి, ఎడముగా నున్న కాళ్లలో ఒకదానినుండి ఎక్కి రెండవదాని గుండ దిగును. మందకు మంద ఒక్కమారుగా కూలుట ఇందుచేతనే. పశువునకు ముందుకాళ్లకు వెనుకకాళ్లకు నడుమ దూరమెక్కువ గదా! సమీపమున పక్కా కట్టడము గాని, మూసిన కారు గాని లేనివాడు ఒంటిచెట్టునకు, స్తంభములకు, చెరువునకు దూరముగా పోయి, రెండు పాదములు జోడించి గొంతుకూర్చుండవలెను. దీనివలన ప్రమాదము తగ్గును, తొలగిపోదు.

ఇక ప్రభుత్వమువారి హెచ్చరికలు. పసుపు, నారింజ, ఎరుపు అను రంగులు వాన కొలతలని అనేకులు భ్రమపడుచున్నారు. అవి మనము చేయవలసినదానిని తెలుపునవి. పసుపు అన్న గమనించుచుండుడని, నారింజ అన్న సిద్ధముగా నుండుడని, ఎరుపు అన్న చేయవలసినది వెంటనే చేయుడని అర్థము. ఇవి కొన్నిదినములు ముందుగా జిల్లాల వారీగా వచ్చును. వేసవిలో పసుపు తరచుగా వచ్చుచుండుటచే జనులకు దానిపై లక్ష్యము తగ్గుచున్నదన్నది నిజమే. మా దృష్టిలో దినమంతయు గుర్తుంచుకొనదగినది వేరొకటి. విశాఖపట్టణము, మచిలీపట్టణము, హైదరాబాదులలోని డాప్లర్ రాడారులు మేఘములను పుట్టినపిదప చూచి, రానున్న మూడు గంటలలో ఏ మండలములపైకి వచ్చునో తెలుపగలవు. ముందురోజు చెప్పలేని చోటు ఇందులో దొరకును. ఈ హెచ్చరిక ఫోనులోనికి వచ్చును. పొలములో మేకలు కాయువానికి ఫోను లేకపోవచ్చును, ఉన్నను చూడకపోవచ్చును. ఇంటిలో విన్నవారు పిల్లవానిచే కబురంపుటకు మాత్రము మూడు గంటలు చాలినంత కాలము.

వరద హెచ్చరికలలోను ఇట్టి భేదమే కలదు. పెద్దనదికి ముందుచూపు దొరకును, వాగునకు దొరకదు. గోదావరిని చూడుడు. భద్రాచలము వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. దిగువ ధవళేశ్వరము వద్ద విడుదలయగు నీరు పది లక్షల క్యూసెక్కులైన మొదటిది, పదమూడైన రెండవది, పదునేడైన మూడవది. భద్రాచలమున పెరిగిన నీరు ధవళేశ్వరము చేరుటకు సుమారొక దినము పట్టును. 1986 ఆగస్టులో అచట 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినపుడు దిగువ లంకలవారిని తరలించుటకు ఆ వ్యవధియే ఆధారమైనది. కనుక లంకవాసులు తమ ఊరి వానను చూచి లాభము లేదు. తమ ఊరిలో ఎండ కాయుచుండగనే నది పెరుగవచ్చును. వారు వినవలసినది భద్రాచలపు అంకె.

వాగు సంగతి వేరు. పది చదరపు కిలోమీటర్ల కొండవాలుపై గంటలో అయిదు సెంటీమీటర్ల వాన పడినదనుకొందము. భారీ వర్షపు కొలతకు కూడ చేరని వాన. ఆ నీరు ఏబది కోట్ల లీటర్లు. సగము నేలలో నింకినను, మిగిలిన సగము గంటలో వాగున దిగినచో ప్రవాహము రమారమి 2,450 క్యూసెక్కులగును. ప్రొద్దుట పిల్లలాడుకొన్న ఇసుక అది. వర్షమాపకము మండల కేంద్రమున నుండి వాన కొండమీద పడినచో ఆ దినపు లెక్కలో ఆ వాన కనబడనే కనబడదు. నగరములలో ఇంకుటకు నేలయే లేదు.

2024 సెప్టెంబరు 1వ తేదీని విజయవాడలో జరిగినది ఈ రెంటి కలయిక. అది వేసవివాన కాదు, వాయుగుండపు వాన. ఆ దినములలో ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, అందరి చూపులును అటే యుండెను. బుడమేరు మైలవరపు వైపు కొండలలో పుట్టి కొల్లేటికి పోవు ఏరు. దాని వరదను కృష్ణకు మళ్లించుటకు కాలువ కలదు. కృష్ణయే నిండియుండగా ఆ కాలువ నీరు సరిగా దిగుటకు తావు లేక, కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగెను. నదిని చూచుచున్న నగరమునకు నీరు వెనుకనుండి వచ్చెను. నది అంకెను వినుట ఎంత అవసరమో, తమ ఇంటికి ఎగువన నున్న ఏటిపేరు, దాని నీరు ఎటు పోవలెనో, పోలేనపుడు ఎటు మరలునో తెలిసియుండుటయు అంత అవసరము. మన పట్టణములలో కొత్తగా ఇండ్లు కట్టుకొన్నవారికి ఈ రెండవది తెలియుట అరుదు.

రాత్రివేళ చప్టామీద వాగు దాటుట గూర్చి రెండు మాటలు. పరుగెత్తు నీరు రెండడుగుల లోతున్న చాలును, కారును తేల్చి కొనిపోవుటకు. మనిషి కాలు తప్పుటకు అందులో నాల్గవ వంతు చాలును. నీటిక్రింద రోడ్డు ఉన్నదో కోసుకొనిపోయినదో దీపపు వెలుగున తెలియదు. ముందు పోయిన లారీ దాటుటయు మనకు సాక్ష్యము కాదు. దాని బరువు వేరు, అది దాటినప్పటి లోతు వేరు. వేసవివాన వాగు సాధారణముగా కొద్ది గంటలలో తీయును. అంతవరకు ఇవతలి ఊరిలో ఏ అరుగుమీదనైనను కూర్చుండవచ్చును.