థైరాయిడ్ శస్త్రచికిత్స: ముందు రాత్రులు, తరువాతి రాత్రులు

బంగారుపాళ్యమున మెడముందు చిన్నగడ్డ కనబడిన యొక గృహిణి, చిత్తూరులో స్కానింగు చేయించుకొని, సన్నని సూదితో తీసిన కణములలో కాన్సరు కలదని విని, తిరుపతిలో 1993లో నెలకొన్న స్విమ్స్ ఆసుపత్రికో, తమిళనాటి వేలూరు సి.ఎం.సి.కో శస్త్రచికిత్సకై ప్రయాణము కట్టునాటికే ఆమె నిద్ర చెడియుండుట వింత కాదు. ఈ థైరాయిడు కాన్సరు పురుషులలోకంటె స్త్రీలలో సుమారు మూడురెట్లు అధికము. అందు హెచ్చుభాగము పాపిలరీ జాతికి చెందినది. అది కంఠమును దాటకమునుపే చికిత్స పొందినవారిలో నూటికి 95 మందికి పైగా అయిదేండ్ల పిమ్మటను జీవించియుందురు. ఇంతకాలము బ్రతుకవలసినవారికి నిద్ర స్వల్పవిషయ మెట్లగును?

1989లో పిట్స్‌బర్గు మనోవైద్యులు రూపొందించిన నిద్రాప్రశ్నావళి నేటికిని దేశదేశముల వాడుకలో నున్నది. గడచిన నెల రాత్రులను గూర్చి యడిగి, 0 మొదలు 21 వఱకు అంకె వేసి, 5 దాటినచో నిద్ర బాగులేదని తేల్చును. అంకె యొక్కటే యైనను శస్త్రచికిత్సకు ముందు దాని మూలము వేఱు, తరువాత వేఱు. ముందు పలువురిలో థైరాయిడు గ్రంథి హార్మోనును యథావిధిగనే స్రవించుచుండును గనుక, కునుకును హరించునది కాన్సరను పేరు, గొంతు పోవునేమో యను శంక, పిల్లల నెవరు చూతురను చింత.

గ్రంథిని తీసివేసిన పిదప రసాయనముల ప్రాబల్యము మొదలగును. థైరాయిడు వెనుక బియ్యపుగింజలంతేసి యుండు నాలుగు పారాథైరాయిడు గ్రంథులు నలిగినచో రక్తమున కాల్షియము తగ్గి, పెదవుల చుట్టును వ్రేళ్ళకొసలను తిమ్మిరి పుట్టి, నడిరేయి పిక్కలు పట్టుకొనును. వ్యాధి మరల తలయెత్తకుండ, థైరాయిడు కణములను పురికొల్పు టి.ఎస్.హెచ్. అను హార్మోనును అణచుటకై, గ్రంథికి మారుగా వేసికొను థైరాక్సిను మాత్ర మోతాదును కొందఱికి కొంత హెచ్చుగా నిత్తురు. అప్పుడు గుండె దడదడలాడి, చెమటపట్టి, తెల్లవాఱులు కన్ను మూతపడదు. ఆ మందు శరీరమున సగమగుటకే సుమారు వారము పట్టును గనుక, మోతాదు మార్చిన ఫలము ఆఱువారముల పిమ్మటగాని రక్తపరీక్షలో సరిగా తేలదు. మిగిలిన థైరాయిడు కణములను వికిరణముతో నశింపజేయు రేడియో అయోడినుకై కొందఱికి మూడు నాలుగు వారములు ఆ మాత్రను మాన్పింతురు. అప్పుడు పగలెల్ల మగతయే, అయినను ఎంత నిద్రించినను బడలిక తీరదు. ఆ యయోడిను తీసికొన్న తరువాత కొన్నిదినములు పసిబిడ్డను దగ్గఱ పండుకొనబెట్టుకొనరాదు. ఆ తల్లి రాత్రులను ఏ ప్రశ్నావళి కొలువగలదు!

మన యాసుపత్రులలో గాయమును గూర్చి యడిగినంత శ్రద్ధతో నిద్రను గూర్చియు అడుగవలెనని నా దృఢాభిప్రాయము. రోగులును నిద్ర పట్టలేదని తమంతట తాము థైరాక్సిను మాత్రను మానరాదు. వేకువనే పరగడుపున దానిని వేసికొని, కాఫీకి అరగంటయైన ఆగి, కాల్షియమును నాలుగు గంటల యెడముతో తీసికొని, తమ నిద్రలేమిని వైద్యునికి దాపకుండ చెప్పవలెను. ఏలయనగా వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము తక్కువని తేలినవారికి టి.ఎస్.హెచ్. అణచివేత యావజ్జీవ మక్కరలేదు. దానిని సహజపరిమితికి రానిచ్చి మోతాదు తగ్గించుటయే నేటి వైద్యుల పద్ధతి.