‘ట్రై’ అంటే ప్రతిచోటా మూడేనా?

మన కవిటి తోటల్లో కొబ్బరికాయ పీచు వలిస్తే మూడు కళ్ళు కనబడతాయి కదూ! కొబ్బరి అండాశయాన్ని వృక్షశాస్త్రంలో ‘ట్రైకార్పెల్లరీ’ అంటారు. మూడు ఫలదళాలు కలిసినదని అర్థం. వాటిలో సాధారణంగా ఒక్కదానిలోనే గింజ కడుతుంది. మెత్తగా ఉండే ఒక్క కంటినుంచే మొలక వస్తుంది.

ఈ ‘ట్రై’ మనకు కొత్తదేమీ కాదు. సంస్కృతంలోని ‘త్రి’కీ, గ్రీకు, లాటిన్ భాషల్లోని ‘ట్రి’కీ మూలం ఒక్కటే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల అని తెలిసిన ఇల్లాలికి సగం సైన్సు తెలిసినట్టే.

రక్తపరీక్ష కాగితంమీద ‘ట్రైగ్లిజరైడ్స్’ అని ఉంటుంది, చూశారా? ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతికితే అది ట్రైగ్లిజరైడ్. మనం వాడే కొబ్బరినూనె, నువ్వులనూనె, నెయ్యి – వీటిలో ఉండేది చాలామటుకు ఇదే. రక్తంలోనూ ఇది తిరుగుతూంటుంది. పరగడుపున చేసిన పరీక్షలో డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములకు లోపు ఉంటే మంచిది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఇది తరచు పెరుగుతుంది. ఆ జబ్బు మన ఉద్దానంలో ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో నేను చెప్పాలా? అంచేత ‘క్రియాటినిన్’ అంకె ఒక్కటే చూసుకుని కాగితం మడిచి పెట్టెయ్యకండి. ఈ అంకె గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

ఇక గర్భిణులకు చెప్పే ‘ట్రైమెస్టర్’ ఉంది. అంటే మూడు నెలల కాలం. తొమ్మిది నెలలకూ మూడు వాటాలన్నమాట. “రెండో ట్రైమెస్టర్‌లో స్కానింగుకి రండి” అంటే రెండో నెలలో అని కాదు. నాలుగో నెలనుంచి ఆరో నెలదాకా అని. మూడోది ఏడో నెలనుంచి కాన్పుదాకా. ఈ తేడా తెలియకపోతే చేయించవలసిన పరీక్ష వేళ దాటిపోతుంది. సందేహం ఉంటే “ఎన్నో వారంలో రమ్మంటారమ్మా?” అని నర్సమ్మగారిని అడిగి, కార్డుమీద తేదీ వేయించుకోండి. అడగడానికి సిగ్గెందుకు?

అయితే ‘ట్రై’ కనబడ్డచోటల్లా మూడు అనుకోకండి సుమా! కొబ్బరిచెట్టుకు గానోడెర్మా తెగులు రాకుండా వేపపిండితో కలిపి మొదట్లో వేసే ‘ట్రైకోడెర్మా’ ఉంది చూశారూ, అందులో మూడు లేదు. గ్రీకులో ‘థ్రిక్స్’ అంటే వెంట్రుక, ‘డెర్మా’ అంటే చర్మం. మేలుచేసే ఒక బూజుకి ఆ పేరు పెట్టారు.

కొబ్బరికాయ కళ్ళు మూడైనా మొలకెత్తేది ఒక్కటే. మాటా అంతే! పైకి ఒకేలా కనబడ్డా, అసలు అర్థం అడిగి తెలుసుకుంటేనే అది మన ఇంటికి పనికొస్తుంది.