రిజైన్ చేసే ముందు... ఓ చీజ్ కథ!

రాత్రి పన్నెండున్నర. ప్రొడక్షన్‌లో వచ్చిన బగ్ ఫిక్స్ చేసి, నిద్ర పట్టక ఫోన్ తీస్తే ఓ రీల్. ఫ్రాన్స్‌లో పల్లెటూరు. రాతి ఇల్లు, కిటికీలో పూలకుండీ, చెక్కబల్ల మీద వేడి రొట్టె, చేత్తో చేసిన చీజ్. 'బతికితే ఇలా బతకాలి' అని మీకెప్పుడైనా అనిపించిందా? నాకైతే అనిపించింది. ఆ రాత్రే రిజిగ్నేషన్ మెయిల్ టైప్ చేసేశా. పంపేముందు మాత్రం ఇంజినీర్ బుద్ధి అడ్డొచ్చింది. అసలు ఆ చీజ్ ముక్క వెనకున్న ప్రాసెస్ ఏంటి?

ఒక్క చక్రానికి 400 లీటర్లు

ఫ్రాన్స్ తూర్పు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దులో జురా కొండలున్నాయి. అక్కడి చీజ్ పేరు కోంతే. బండి చక్రంలా ఉంటుంది. బరువు సుమారు 40 కిలోలు. ఒక్కోదానికి దాదాపు 400 లీటర్ల పచ్చిపాలు కావాలి. ఒక్క రైతుతో అయ్యే పని కాదు కాబట్టి, చుట్టుపక్కల వాళ్లంతా కలిసి 'ఫ్రుయిత్యేర్' అనే సహకార కేంద్రాలు నడుపుకొంటారు. మన పాల సొసైటీల్లాంటివే అనుకోండి. తయారైన చీజ్ కనీసం 4 నెలలు మాగాలి. తొందరపెడితే కుదరదు.

వేసవిలో ఆవులు పచ్చిక మేస్తాయి, అప్పటి చీజ్ పసుపుగా ఉంటుంది. చలికాలంలో ఎండుగడ్డి తింటాయి, చీజ్ పాలిపోయినట్టుంటుంది. రంగు కలిపి రెండింటినీ ఒకేలా చేయరు. సీజన్‌ను బట్టి బతకడం అంటే ఇదే.

ఇక్కడ రోబో వద్దు, అక్కడ ఓకే

టెక్ పిచ్చోణ్ని కదా, నన్ను ఆపేసింది వాళ్ల రూల్ బుక్. ఆవులకు పాతరగడ్డి పెట్టకూడదు. పాలు పితికే రోబోలు వాడకూడదు. మామూలు మెషిన్ వాడొచ్చు గానీ పొద్దునా సాయంత్రం మనిషి దగ్గరుండాల్సిందే. ఆదివారమైనా, క్రిస్మస్ అయినా సరే! కానీ చీజ్ మాగబెట్టే పెద్ద గదుల్లోకి వెళ్తే, చక్రాలను తిప్పి రుద్దే పని చాలాచోట్ల రోబోలదే.

అంటే 'స్లో లైఫ్' టెక్నాలజీకి దండం పెట్టేయడం కాదన్నమాట. ఏ పని మనిషిది, ఏది మెషిన్‌ది అని నలుగురూ కూర్చుని తేల్చుకుని, రాసుకుని, దానికి కట్టుబడటం. నా జీవితంలో లేనిదల్లా అదే. నా ల్యాప్‌టాప్ ఎన్నింటికి మూయాలో నేనెప్పుడూ తేల్చుకోలేదు!

వెళ్లినవాళ్లంతా ఉండిపోలేదు

ఈ కల కొత్తదేం కాదు. 1968 మే ఉద్యమం తర్వాత ఎందరో ఫ్రెంచ్ యువకులు నగరాలు వదిలి అర్దెష్ లాంటి కొండ ప్రాంతాలకు మేకలు పెంచడానికి వెళ్లారు. చాలామంది కొన్నేళ్లకే తిరిగొచ్చేశారు. కొందరు నిలదొక్కుకుని, మేకపాల చీజ్ చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. ఒంటరిగా పశువుల్ని చూసుకుంటే సెలవుండదు. అందుకే కొందరు కలిసి సేద్యం చేసుకునే వీలును 1962లోనే చట్టం చేశారు. వంతులవారీగా సెలవు తీసుకోవచ్చు. ఇప్పుడు అక్కడ పొలం పట్టేవాళ్లు తగ్గుతున్నారు. 2020 లెక్కల్లో మిగిలిన కమతాలు సుమారు 3.9 లక్షలు. పదేళ్లలో లక్ష దాకా తగ్గాయి. కొత్తవాళ్లు కావాలి, కాకపోతే పని వచ్చినవాళ్లు కావాలి.

నిజంగానే వెళ్తారా?

* ముందు ఫ్రెంచ్ నేర్చుకోండి. పల్లెల్లో ఇంగ్లిష్‌తో బండి నడవదు. హైదరాబాద్‌లోనే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది.
* చీజ్ తయారీ అక్కడ చదువుకునే వృత్తి. జురాలోని పొలిన్యీ ఊళ్లో డెయిరీ స్కూలే ఉంది.
* టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. చదువుకు లాంగ్ స్టే స్టూడెంట్ వీసా కావాలి.

నా మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. దాని బదులు టీమ్ లీడ్‌కు ఇంకోటి పంపా. ఎమర్జెన్సీ అయితే తప్ప రాత్రి ఎనిమిది దాటాక ల్యాప్‌టాప్ తెరవనని. వారంలో మూడు రోజులు అమలవుతోంది. మిగతా రెండు రోజుల కోసం పోరాటం సాగుతోంది!

మీకూ ఆ రీల్ కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి. జనవరి చలిలో, తెల్లారకముందే లేచి ఆవుల దగ్గరికి వెళ్లడం కూడా ఇష్టమేనా? అవునంటే ఫ్రెంచ్ క్లాసులో చేరండి. కాదంటే, ముందు ల్యాప్‌టాప్ మూసే టైమ్ రాసుకోండి.